పాత సినిమా ప్రింటు: పరిగ్రహమా, ఉపనిధా?

పరిగ్రహం అనే మాటకు భారతీయ శాస్త్రాలలో రెండు ముఖాలున్నాయి. ధర్మశాస్త్రంలో దీనికి ఎవరి సొత్తూ కాని వస్తువును మొదటగా చేపట్టడం అని అర్థం. వారసత్వం, కొనుగోలు, పంపకం, నిధి దొరకడం అనే వాటితోపాటు దీన్ని కూడా గౌతమ ధర్మసూత్రం స్వామ్యం కలిగించే మార్గాలలో ఒకటిగా లెక్కించింది. యోగశాస్త్రంలోనూ జైనధర్మంలోనూ అదే మాట విడిచిపెట్టవలసిన దోషానికి పేరు కాగా, దానికి వ్యతిరేకమైన అపరిగ్రహం పతంజలి చెప్పిన ఐదు యమాలలోనూ, జైనుల పంచ వ్రతాలలోనూ చివరి స్థానంలో నిలిచింది. ఒక శాస్త్రం హక్కుకు మూలంగా గుర్తించిన పనినే మరొక శాస్త్రం బంధానికి మూలంగా చూడడం వల్ల, వస్తువులు సేకరించే ప్రతి గృహస్థు ముందూ ఒక తేలని ప్రశ్న నిలిచి ఉంది. నశించిపోతున్న దాన్ని కాపాడడానికి సొంతం చేసుకోవడం పుణ్యమా, లేక కాపాడుతున్నానన్న పేరుతో సాగే ఆశా? ఆన్‌లైను వేలాలలో పాత సినిమా ప్రింట్లు కొని దాచుకునే సేకర్త విషయంలో ఈ ప్రశ్న చాలా సూటిగా ఎదురవుతుంది, ఎందుకంటే అతడు కొనే వస్తువు కొన్ననాటి నుంచే చేతిలో కరిగిపోతూ ఉంటుంది.

ప్రింటు అంటే ఏమిటో మొదట చెప్పుకోవాలి. కెమెరాలో తిరిగిన ఫిల్మును నెగిటివ్ అంటారు; దానిమీద వెలుగు నీడగానూ నీడ వెలుగుగానూ పడతాయి. ఆ నెగిటివ్ నుంచి ల్యాబులో తీసిన పాజిటివ్ ప్రతి ప్రింటు, థియేటరులో ప్రొజెక్టరుకు ఎక్కించేది దీన్నే. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ప్రింటులో అడుగుకు 16 బొమ్మలుంటాయి. అవి సెకనుకు 24 చొప్పున దీపం ముందు నుంచి సాగిపోతాయి కాబట్టి నిమిషం సినిమాకు 90 అడుగులు, మూడు గంటల సినిమాకు 16,200 అడుగుల ఫిల్ము కావాలి. దాన్ని రీళ్లుగా చుట్టి, రేకు డబ్బాలలో పెట్టి, ఆ డబ్బాలను బాక్సులకెత్తి ఊరూరికీ పంపేవారు. పెద్ద పట్టణాలలో ఆడి అరిగిన తరువాత అదే ప్రింటు చిన్న ఊళ్లకు, చివరికి గుడారాలలో ఆడే టూరింగ్ టాకీసులకు చేరేది. కామారెడ్డి జిల్లా కొసన, తెలుగు మరాఠీ కన్నడాలు కలిసే సరిహద్దు సీమలో ఉన్న డోంగ్లి వంటి ఊళ్ల దాకా సినిమా ప్రయాణించే వేళకు ఆ ప్రింటులో అతుకులు పెరిగి, తెరమీద వానధారల్లా గీతలు జారుతూ ఉండేవి. అంటే ప్రతి ప్రింటూ తనను చూసిన ఊళ్ల గుర్తులను ఒంటిమీద మోసుకుని తిరిగిన వస్తువే.

ఈ వస్తువు పుట్టుకలోనే నాశనం దాగి ఉంది. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము సులువుగా అంటుకుంటుంది, మండేటప్పుడు తనకు కావలసిన ప్రాణవాయువును తానే విడుదల చేసుకుంటుంది కనుక నీళ్లలో ముంచినా ఆరదు. దాని స్థానంలో వచ్చిన అసిటేట్ ఫిల్ము మంటకు భయపెట్టదు గాని, వేడికీ తేమకూ లోలోపల విరిగి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే వెనిగర్ వాసన ఆ జబ్బుకు గుర్తు, ఆ ఆవిరి పక్కనున్న మంచి రీళ్లకూ హాని చేస్తుంది. రంగుల ప్రింట్లలో చాలావాటికి ముందుగా నీలం, పసుపు ఛాయలు వెలిసిపోయి, ఆకాశమూ చేలూ మనుషుల ముఖాలూ అన్నీ ఒకే ఎరుపులో మిగులుతాయి. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మను నిలిపేది వెండి కాబట్టి, ఆట అయిపోయిన ప్రింటుకు సినిమాగా విలువ లేని రోజుల్లో తుక్కుగా విలువ ఉండేది. ఎన్నో చిత్రాలు ఆ వెండి కోసం కరిగిపోయాయి.

పోయినవాటి లెక్క తెలుగువారికి దగ్గరిదే. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన మూకీ చిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు లేదు, హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) చూడడానికి దొరకదు. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ (1931) కూడా అంతే. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడేనాటికే నష్టంలో పెద్ద పాలు జరిగిపోయింది. దానికి మూలస్తంభమైన పి.కె. నాయర్ దేశమంతటా తిరిగి రీళ్లు కూడబెట్టారు; అయినా 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేట్ ఫిల్ములు ఎన్నో బూడిదయ్యాయి. దొరికినవాటి చరిత్ర కూడా ఆలోచింపజేస్తుంది. 1919లో కలకత్తాలో తయారైన మూకీ చిత్రం ‘బిల్వమంగళ్’లోని కొంత భాగం పారిస్ ఫిల్ము భాండాగారంలో బయటపడి, 2016లో పుణెకు చేరింది. ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన ‘మెట్రోపాలిస్’ (1927)లో ఎన్నడో కోసివేసిన దృశ్యాలు 2008లో బ్యూనస్ ఎయిరిస్ మ్యూజియంలో కనబడ్డాయి. ఆ ప్రతికి మూలం ఒక వ్యక్తి తన ఇష్టంకొద్దీ దాచుకున్న ప్రింటు. 2009లో ఇంగ్లండులో ఒక వ్యక్తి ఈబే వేలంలో 3 పౌండ్ల 20 పెన్నీలకు ఒక డబ్బా కొంటే, అందులో 1916 నాటి ‘జెప్‌డ్’ అనే చార్లీ చాప్లిన్ చిత్రం ఉంది. డబ్బా నచ్చి కొన్నవాడికి అందులోని చరిత్ర దక్కింది. తరువాత ఆ రీలును లక్ష పౌండ్లకు పైగా పలుకుతుందన్న అంచనాతో 2011లో మరొక వేలంలో పెడితే ఆ ధరకు కొనేవారు రాలేదు. ఈ సంఘటనలలో ఒక సత్యం దాగి ఉంది: సంస్థలు పోగొట్టుకున్నదాన్ని కొన్నిసార్లు ఏ ఒక్కరి మమకారమో నిలబెట్టింది.

కాబట్టి మమకారాన్ని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. కాని వేలం ఆ మమకారాన్ని ఏం చేస్తుందో కూడా చూడాలి. ఆన్‌లైను వేలంలో వస్తువు వివరాలు, నాలుగైదు ఫొటోలు, ముగింపు గడియ కనిపిస్తాయి. కొనేవాడు రీలును ముట్టుకోలేడు, వాసన చూడలేడు, ఫిల్ము కుదించుకుపోయిందో లేదో కొలవలేడు. అతడికి తెలిసేది ఎవరో తనకంటే ఎక్కువ పాడారన్న సంగతి మాత్రమే. చివరి నిమిషంలో ధర పెంచి ఎదుటివారికి వ్యవధి లేకుండా చేయడం అక్కడ ఒక నేర్పుగా చలామణి అవుతుంది. ఆర్థికవేత్తలు ‘విజేత శాపం’ అనే ఒక సూత్రం చెబుతారు: వస్తువు అసలు విలువ ఎవరికీ కచ్చితంగా తెలియని వేలంలో, అందరికంటే ఎక్కువగా అంచనా కట్టినవాడే గెలుస్తాడు కనుక, గెలుపు తరచు ఆ అంచనా తప్పిందనడానికి నిదర్శనమవుతుంది. ఇది డబ్బుకు సంబంధించిన నష్టం. జైనాచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో ఇంతకంటే లోతైన నష్టాన్ని పట్టుకున్నాడు. ఆయన పరిగ్రహానికి నిర్వచనంగా వస్తువులను గాని వాటి సంఖ్యను గాని చెప్పక, ‘మూర్ఛ’ అనే ఒక్క మాట వాడాడు. మూర్ఛ అంటే స్పృహ తప్పడం; వస్తువు మీది వ్యామోహంలో తాను ఎవరో, ఎందుకు కోరుతున్నాడో మరచిపోవడం. వేలం ముగిసే గడియను చూస్తూ తాను పెట్టుకున్న హద్దును దాటి పాడుతున్న మనిషి స్థితికి ఇంతకంటే సరైన పేరు దొరకదు.

యోగభాష్యంలో వ్యాసుడు అపరిగ్రహానికి కారణాలుగా ఐదు దోషాలను చూపాడు: సంపాదించడంలోని కష్టం, కాపాడడంలోని ఆందోళన, నశించడంలోని దుఃఖం, అంటిపెట్టుకునే సంగం, ఇతర ప్రాణులకు కలిగే హింస. ఫిల్ము సేకరణలో ఈ ఐదూ అక్షరాలా వర్తిస్తాయి. వేలంలో సంపాదించాలి, ఎండ, తేమ, బూజు, నిప్పుల నుంచి కాపాడాలి, అయినా వెనిగర్ వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిన రీలును పారేయడానికి మనసొప్పదు. ఐదవదైన హింస కూడా ఇక్కడ ఉపమానంగా చెప్పిన మాట కాదు, ఎందుకంటే ఫిల్ము మీద వెండి కణాలను పట్టి ఉంచే జెలటిన్ పొర పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తయారైనది. ఇంతటి దోషాల మూటను చేతపట్టడం దేనికి అని విరాగి అడిగితే, ఆ ప్రశ్నలో బలముంది.

దీనికి జవాబు వెతకడానికి డోంగ్లి సీమకు పొరుగున, బీదర్ జిల్లాలో ఉన్న బసవకళ్యాణం వైపు చూడాలి. ఒకప్పుడు చాళుక్యుల రాజధాని అయిన ఆ కళ్యాణ నగరంలోనే, ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. దాయభాగ ప్రకరణంలో ఆయన ఒక మౌలికమైన ప్రశ్న లేవనెత్తాడు: ‘ఇది నాది’ అనే స్వత్వం శాస్త్రం చెబితే తెలిసేదా, లేక లోక వ్యవహారం వల్ల ఏర్పడేదా? శాస్త్రం తెలియని వారు కూడా కొంటారు, అమ్ముతారు, తాకట్టు పెడతారు కనుక స్వత్వం లౌకికమేనని ఆయన తేల్చాడు. దీని ఫలితం గమనించదగినది. స్వామ్యం లోకంలో మనుషుల మధ్య ఏర్పడిన ఒక సంబంధమే అయితే, దాని హద్దులు కూడా మనుషుల పట్ల ఉన్న బాధ్యతలతోనే గీయబడతాయి. డబ్బు చెల్లించినంత మాత్రాన వస్తువు మీద అపరిమితమైన అధికారం ఆకాశం నుంచి దిగిరాదు.

ఆ హద్దులలో మొదటిది అమ్మినవాడి హక్కు. స్మృతులు పేర్కొన్న వివాద విషయాలలో ‘అస్వామి విక్రయం’ ఒకటి, అంటే సొంతదారు కానివాడు అమ్మడం. యాజ్ఞవల్క్యుడు ఇక్కడ కొన్నవాడిని కూడా నిలదీశాడు: అంత సొమ్ము ఉండడానికి వీలులేనివాడి దగ్గర, రహస్యంగా, మరీ తక్కువ వెలకు, వేళ కాని వేళ కొన్నవాడు దొంగతో సమానం. పాత ప్రింట్ల వ్యాపారంలో ఈ నియమం నేటికీ నిలుస్తుంది. ప్రింట్లు పంపిణీదారుల ఆస్తిగా ఊళ్లు తిరిగినవి, ఆట ముగిశాక తిరిగి రావలసినవి. వాటిలో కొన్ని మూతపడిన ల్యాబులలోనూ థియేటరు గదులలోనూ ఉండిపోయి, అక్కడి నుంచి తుక్కు కొట్లకు, తుక్కు కొట్ల నుంచి వేలాలకు చేరాయి. ఆ ప్రయాణంలో ఎక్కడ స్వామ్యం చేతులు మారింది, ఎక్కడ మారలేదు అని విచారించడం కొనుగోలుదారు ధర్మం. పైగా రీలు వేరు, అందులోని కృతి మీది హక్కు వేరు. భారతీయ చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైటు విడుదలైన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది, ప్రింటు కొన్నంత మాత్రాన దాన్ని బహిరంగంగా ప్రదర్శించే హక్కు రాదు. కొన్నవాడికి దక్కేది ఫిల్ము, వెండి, జెలటిన్. సినిమా ఇంకా అతడిది కాలేదు.

మరి సినిమా ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నకు తర్కశాస్త్రంలో ఒక ఆధారం దొరుకుతుంది. తెలుగునేల పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సామాన్యం, అంటే జాతి, నిత్యమూ ఏకమూ అయి అనేక వ్యక్తులలో ఉండేదని నిర్వచించాడు. ఆవులు ఎన్నో, గోత్వం ఒక్కటే. అదే తీరున ‘మాయాబజార్’ (1957) ప్రింట్లు ఎన్నో, వాటన్నిటిలో కనిపించే ‘మాయాబజార్’ ఒక్కటే అని అనవచ్చు. ఒక ప్రింటు కాలిపోయినా చిత్రం పోదు. అయితే జాతిని ఒప్పుకోవడానికి అడ్డొచ్చే కారణాలను ఉదయనాచార్యుడు పేర్కొన్నప్పుడు, వాటిలో మొదటిదిగా వ్యక్తి ఒక్కటే కావడాన్ని చెప్పాడు. ఆకాశం ఒక్కటే కాబట్టి ఆకాశత్వమనే జాతి లేదు. పోలికను ఇక్కడిదాకా తీసుకువస్తే ఒక గంభీరమైన విషయం తేలుతుంది: చిత్రానికి చిట్టచివరి ప్రింటు ఒక్కటే మిగిలినప్పుడు కృతికీ వస్తువుకూ మధ్య ఉన్న ఎడం చెరిగిపోతుంది. అన్నీ నకళ్లే అయినవాటిలో ఆ ఒక్కటి మూలం అవుతుంది. దానికి ఆ స్థానం పుట్టుకతో రాలేదు, తోటివన్నీ నశించడంతో వచ్చింది. అటువంటి ప్రింటును సొంతం చేసుకున్నవాడు, కోరినా కోరకపోయినా, ఒక జాతి జ్ఞాపకాన్ని తన ఇంటి అల్మారాలో పెట్టుకున్నవాడవుతాడు.

ఇటువంటి వస్తువు వేలానికి తగినదేనా అన్న సందేహం ఇటీవల మరొక రంగంలో లోకాన్ని కదిలించింది. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా స్తూపంలో బుద్ధుని అస్థికలతో పాటు దొరికిన రత్నాలను 2025 మే నెలలో హాంకాంగ్‌లో వేలం వేయబోగా, భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వేలం ఆగింది, అదే సంవత్సరం జులైలో ఆ రత్నాలు స్వదేశానికి చేరాయి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో ధాతు కరండాలను చూసిన తెలుగు నేలకు ఈ వేదన పరాయిది కాదు. సినిమా రీలు అస్థికలతో సమానం కాదు, దాన్ని పూజించనక్కరలేదు. అయినా ఈ సంఘటన ఒక తారతమ్యాన్ని స్పష్టం చేసింది: వెల కట్టగలగడం వేరు, వెలతో తీరిపోవడం వేరు. కొన్ని వస్తువులకు వెల చెల్లించిన తరువాత కూడా రుణం మిగిలే ఉంటుంది.

ఆ రుణానికి ధర్మశాస్త్రంలో ఒక పేరుంది, అది ఉపనిధి. మూసిన పెట్టెలో ఉంచి, లోపల ఏముందో చెప్పకుండా, నమ్మకంతో మరొకరి చేతిలో పెట్టిన సొమ్మును యాజ్ఞవల్క్యుడు ఇలా పిలిచి, దాన్ని ఎలా ఇచ్చారో అలాగే తిరిగి ఇవ్వాలన్నాడు. రాజు, దైవం, దొంగలు దాన్ని హరిస్తే ఉంచుకున్నవాడి మీద తప్పు లేదు. కాని తన ఇష్టప్రకారం దాన్ని వాడుకుని బతికితే అతడు దండార్హుడు, వచ్చిన లాభంతో సహా అప్పగించాలి. మూత బిగిసిన రేకు డబ్బా, లోపల ఏముందో పూర్తిగా తెలియని రీలు, దాన్ని తయారుచేసి వెళ్లిపోయిన మనుషులు: ఈ స్థితికి ఉపనిధి అన్న మాట ఎంతో దగ్గరగా నప్పుతుంది. తేడా ఒక్కటే. ఇక్కడ అప్పగించినవారు గతించారు, తిరిగి అందుకోవలసినవారు ఇంకా పుట్టలేదు. కాబట్టి వేలంలో చెల్లించిన డబ్బును వస్తువు వెలగా కాక, కావలివాడి స్థానానికి చెల్లించిన రుసుముగా భావించడమే ధర్మానికి దగ్గరి మార్గం.

అయితే ఈ పోలికకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఉపనిధిని విప్పకుండా ఉంచడం ధర్మం. ఫిల్మును విప్పకుండా ఉంచితే అది సినిమా కాదు. దీపం దాని గుండా వెళ్లినప్పుడే బొమ్మ కదులుతుంది, కాని ప్రొజెక్టరు పళ్ల మీదుగా నడిచిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది. చూపితే అరుగుతుంది, చూపకపోతే వ్యర్థమవుతుంది. ఇందుకు పరిష్కారం కూడా కళ్యాణం నుంచే వస్తుంది. పన్నెండవ శతాబ్దంలో అక్కడ బసవేశ్వరుడు బోధించిన, పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’ ద్వారా తెలుగువారికి చేరిన శివభక్తి మార్గంలో కాయకం, దాసోహం అనే రెండు భావాలు జంటగా ఉన్నాయి. కాయకం అంటే ఒళ్లు వంచి చేసే నిజాయితీ గల పని. దాసోహం అంటే ఆ పని ఫలాన్ని తనదనే గర్వం లేకుండా సమాజానికి సమర్పించడం. సేకర్త కాయకం రీలును శుభ్రపరచడం, చిరిగిన అంచులను అతకడం, చల్లని పొడి చోట నిలపడం, వెనిగర్ సోకినవాటిని వేరుచేయడం. అతడి దాసోహం ఆ రీలు తన దగ్గర ఉందని దాచకుండా ప్రకటించడం, భాండాగారాలు డిజిటల్ ప్రతి తీసుకోవడానికి ఇవ్వడం. మూల ప్రింటు విశ్రమించి, ప్రతి ఊరూరా తిరిగితే పై చిక్కు చాలావరకు వీడుతుంది. 2024లో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’ వంటి చిత్రాలు పునరుద్ధరించిన రూపంలో దేశంలోని అనేక నగరాల తెరలకెక్కడం వెనుక కూడా, ఎక్కడో భద్రంగా నిలిచిన ఫిల్ము ఉంది.

ఇక విరాగి వేసిన ప్రశ్న మిగిలింది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో, చిత్తూరు నాగయ్య నటనతో 1947లో వచ్చిన ‘యోగి వేమన’ ప్రింటును ఒక సేకర్త తన ధనమంతా ఒడ్డి గెలుచుకుని, ఎవరికీ చూపక తాళం వేశాడని ఊహించుకుంటే, సర్వం విడిచిన యోగి బొమ్మను సర్వం కూడబెట్టే ఆశతో బంధించడంలోని వైరుధ్యం వెంటనే కళ్లకు కడుతుంది. అదే ప్రింటును ఎవరూ కొనక తుక్కువాడు వెండి కోసం కరిగించి ఉంటే, ఆ వైరాగ్యం వల్ల లోకానికి ఒరిగిందేమిటన్న ఎదురుప్రశ్న కూడా అంత బలమైనదే. యోగసూత్రం ఇక్కడ ఊహించని దారి చూపుతుంది. అపరిగ్రహంలో స్థిరపడినవాడికి జన్మలు ఎలా కలిగాయన్న జ్ఞానం కలుగుతుందని పతంజలి చెప్పాడు, అంటే గతాన్ని ఎరగడానికి గతాన్ని పట్టుకున్న పిడికిలి సడలాలి. పాతకాలాన్ని తెలుసుకోవాలనే తపనతోనే సేకర్త రీళ్లు కొంటాడు. కాని తనది అన్న భావం ముదిరేకొద్దీ అతడి చూపు ధర మీద, అరుదుదనం మీద, పోటీదారుల మీద నిలిచి, రీలులోని కాలం మీద నుంచి తొలగిపోతుంది. పిడికిలి సడలినప్పుడే ఆ ప్రింటు ఏ ల్యాబులో పుట్టింది, ఏ ఊళ్లు తిరిగింది, ఏ అతుకు ఎక్కడ పడింది అనే దాని జన్మకథ అతడికి కనబడుతుంది.

జైన గృహస్థులకు దీనికి అనువైన వ్రతం ఒకటి ఉంది. మునులకు సంపూర్ణ అపరిగ్రహం విధించిన ధర్మం, సంసారులకు పరిగ్రహ పరిమాణం చెప్పింది, అంటే ఇంతకు మించి కూడబెట్టనని ముందే హద్దు పెట్టుకోవడం. ఫిల్ము సేకర్తకు ఆ హద్దు అతడి పర్సును బట్టి గాక అతడి గదిని బట్టి, సత్తువను బట్టి ఏర్పడాలి. ఎన్ని రీళ్లను తాను చల్లగా, పొడిగా, పరీక్షించుకుంటూ ఉంచగలడో అన్నే అతడికి ధర్మబద్ధమైన సొత్తు. అంతకు మించినది వేలంలో గెలిచినా తుక్కుకు మరొక తోవే, ఎందుకంటే ఎండాకాలం రేకుల గదిలో మగ్గే డబ్బాకు యజమాని ప్రేమ ఏ రక్షణా ఇవ్వదు.

సేకర్త ధర్మానికి చివరి పరీక్ష అతడి మరణానంతరం జరుగుతుంది. అప్పుడు ఇంటివారికి ఆ డబ్బాలు బరువుగా, వాసనగా, చోటు తినే వస్తువులుగా మాత్రమే కనిపించవచ్చు. ఉపనిధిని పుచ్చుకున్నవాడు దాని సంగతి వారసులకు చెప్పకుండా పోతే నమ్మకం భంగమైనట్లే. అందువల్ల ప్రతి డబ్బా మీద చిత్రం పేరు, రీలు సంఖ్య, ఫిల్ము స్థితి, కొన్న చోటు రాసి, తన తరువాత అది ఏ భాండాగారానికి చేరాలో బతికుండగానే కాగితం మీద పెట్టడం ఈ సేకరణలో అన్నిటికంటే పెద్ద పని. డోంగ్లిలో ఫోను చేతపట్టి పాడినా, హైదరాబాదులో కూర్చుని పాడినా, ఆ కాగితం రాసినవాడి చేతిలో పరిగ్రహం ఉపనిధిగా మారుతుంది.